స్కైడైవింగ్: బెజవాడ, గుంటూరు వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సాస్‌లో ఉద్యోగం చేసిన నాలుగేళ్లలో 112 సార్లు విమానంలోంచి దూకాను. ఇప్పుడు ఉండేది మొగల్రాజపురంలో, పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట. పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో, ఒకసారి డెంటిస్టు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు కూడా ఇవే ప్రశ్నలు ఎదురయ్యాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒక మాట ముందే చెప్తాను. అందరూ దూకడం గురించే అడుగుతారు. దూకడానికి మనం చేసేది పెద్దగా ఏమీ లేదు, మిగతా పని భూమి చూసుకుంటుంది. నేర్చుకోవాల్సినదంతా అంతకుముందు పారాచూట్ మడతపెట్టడంలో, ఆ తర్వాత కిందికి దిగడంలో ఉంది. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాను. ఇది చదివి ఎవరూ సొంత ప్రయోగాలకు దిగకండి. ఏ పనైనా శిక్షకుడి కళ్ల ముందే చేయాలి.

విజయవాడలోనో గుంటూరులోనో దూకే చోటు ఉందా?

లేదు. డ్రాప్ జోన్ అంటే ఒక చిన్న విమానం, ఒక రన్‌వే, పైన వేరే విమానాలు తిరగని ఆకాశం, కింద తీగలూ చెట్లూ లేని పెద్ద మైదానం కావాలి. మనకు గన్నవరంలో రన్‌వే ఉంది కానీ దాని మీద వచ్చే పోయే విమానాలూ ఉన్నాయి. చుట్టూ కృష్ణమ్మ, బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, కొండలు, హైటెన్షన్ లైన్లు. పై నుంచి చూడ్డానికి ఇంత అందమైన ఊరు ఇంకోటి ఉండదు కానీ, దిగడానికి మాత్రం పనికిరాదు.

మన దేశంలో మామూలు జనం దూకడానికి బాగా తెలిసిన చోటు హర్యానాలోని నార్నౌల్ దగ్గర బాఛోద్ ఎయిర్‌స్ట్రిప్. ఇక్కడి నుంచి ఢిల్లీ వెళ్లి, అక్కడి నుంచి కారులో మూడు గంటలు. టాండెం జంప్‌కి, అంటే శిక్షకుడి ఒంటికి మనల్ని కట్టుకుని దూకే పద్ధతికి, ప్రయాణం ఖర్చు కాకుండానే పాతిక వేలు దాటుతుంది. అంత వద్దనుకుంటే హైదరాబాద్ గండిపేటలో గాలి సొరంగం ఉంది. కింద నుంచి పెద్ద ఫ్యాన్లతో గాలి తోస్తుంటే దాని మీద బోర్లా తేలడం. ఎత్తు లేదు, పారాచూట్ లేదు కానీ, గాలిలో ఒంటిని ఎలా ఉంచాలో నేర్చుకోవడానికి అంతకన్నా చవకైన మార్గం లేదు.

అక్కా, ప్రకాశం బ్యారేజీ మీంచి దూకితే?

వద్దు తమ్ముడూ. పారాచూట్ పూర్తిగా విచ్చుకోవడానికే కొన్ని వందల అడుగులు కావాలి. బ్యారేజీ మీంచి దూకితే అది సంచిలోంచి బయటికి రాకముందే నువ్వు నీళ్లలో ఉంటావు.

పారాగ్లైడింగ్, పారాసెయిలింగ్, స్కైడైవింగ్ అన్నీ ఒకటేనా?

కాదు. పారాగ్లైడింగ్‌లో ముందే విచ్చుకున్న రెక్కతో కొండ మీంచి పరిగెత్తి ఎగురుతారు. పారాసెయిలింగ్‌లో పడవో జీపో తాడుతో లాగుతుంది. స్కైడైవింగ్‌లో విమానంలోంచి దూకి, కొంతసేపు పడి, ఆ తర్వాతే పారాచూట్ తెరుస్తారు.

దూకగానే జెయింట్ వీల్‌లోలా కడుపులో తిప్పుతుందా?

నేనూ అదే అనుకుని భయపడ్డాను. పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కి వాంతి చేసుకున్న చరిత్ర నాది. కానీ ఇక్కడ అలా ఉండదు. కదలకుండా ఉన్నచోటి నుంచి ఒక్కసారిగా పడితే కడుపు జారుతుంది. విమానం అప్పటికే గంటకు నూట యాభై కిలోమీటర్ల పైన పోతుంటుంది కాబట్టి, తలుపు దాటగానే ఆ గాలే మనల్ని పట్టుకుంటుంది. ముందుకు పోయే వేగం మెల్లగా కిందికి పడే వేగంగా మారిపోతుంది.

బోర్లా పడేటప్పుడు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్ల దగ్గర నిలకడగా ఆగుతుంది. మొదటి వెయ్యి అడుగులు పడడానికి పది సెకన్లు, ఆ తర్వాత ప్రతి వెయ్యికీ ఐదున్నర సెకన్లు అని జంపర్లు లెక్క వేసుకుంటారు. అంటే 13,000 అడుగుల్లో దూకి 5,000 దగ్గర తెరిస్తే యాభై సెకన్లకు కాస్త తక్కువ. పడుతున్నట్టు అనిపించదు. బైక్ మీద వారధి దాటుతుంటే మొహానికి కొట్టే గాలిని ఐదారింతలు చేసి ఊహించుకోండి, దాదాపు అదే. పెద్ద చప్పుడు. పారాచూట్ తెరుచుకున్నాక వచ్చే నిశ్శబ్దం దగ్గర ఆ చప్పుడూ వేగమూ దేనికీ పనికిరావు. ఆ నిశ్శబ్దం ఐదారు నిమిషాలు ఉంటుంది.

ఊపిరి ఆడుతుందా? చలేస్తుందా?

ఊపిరి మామూలుగానే ఆడుతుంది. కొత్తవాళ్లు భయంతో బిగబట్టి, ఆడలేదంటారు. గట్టిగా అరవండి, అరిస్తే ఊపిరి దానంతటదే వస్తుంది. చలి మాత్రం ఉంటుంది. వెయ్యి అడుగులకు దాదాపు రెండు డిగ్రీల చొప్పున తగ్గుతుంది కాబట్టి కింద బెజవాడ ఎండలా 42 ఉంటే 13,000 అడుగుల్లో పదహారు. మే నెలలో దూకడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనపడదు.

వీడియోల్లో పారాచూట్ తెరవగానే మనిషి రాకెట్‌లా పైకి పోతాడు కదా?

పోడు. వీడియో తీస్తున్న మనిషి ఇంకా అదే వేగంతో పడుతుంటాడు. తెరిచినవాడు వేగం తగ్గి వెనకపడతాడు. పక్క పట్టాల మీద రైలు కదిలితే మనమే కదిలినట్టు అనిపిస్తుంది చూడండి, ఇదీ అలాంటిదే.

ఎవరు దూకకూడదు?

పద్దెనిమిది నిండనివాళ్లు, గర్భిణులు, గుండె జబ్బు లేదా అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, వెన్నుకు ఆపరేషన్ అయినవాళ్లు. ఇది కాక చాలాచోట్ల టాండెంకి బరువు వంద కిలోల లోపు ఉండాలంటారు. జలుబు ఉన్నరోజు అస్సలు దూకకండి. మూసుకుపోయిన ముక్కుతో ఒక్క నిమిషంలో ఎనిమిది వేల అడుగులు దిగితే చెవిలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. ఇది నా అనుభవం. అండమాన్ వెళ్లి స్కూబా చేసి వచ్చినవాళ్లు కనీసం ఇరవై నాలుగు గంటలు ఆగాలి, లేకపోతే రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కడుతుంది.

మంగళసూత్రం, గాజులు, జడ సంగతేంటి?

ఈ ప్రశ్న ఆడవాళ్లు అడగరు, వాళ్ల అత్తగార్లు అడుగుతారు. గాజులు, ఉంగరాలు, వేలాడే జుమ్కీలు తీసేయాలి. ఉంగరం దేనికైనా చిక్కుకుంటే వేలు పోతుంది, ఇందులో వాదించడానికేం లేదు. సూత్రాల గొలుసు తీయడం ఇష్టం లేకపోతే లోపలికి వేసుకుని జిప్పు మెడ దాకా పెట్టుకోండి. జడ గట్టిగా అల్లి చొక్కా లోపలికి తోయాలి. వదులుగా ఉంటే వెనకున్న శిక్షకుడి మొహాన్ని కొరడాలా కొడుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకి దాని మీదే పెట్టుకునే గాగుల్స్ ఇస్తారు.

వీపు మీద ఉండే ఆ సంచిలో అసలు ఏముంటుంది?

దాన్ని రిగ్ అంటారు. అందులో రెండు పారాచూట్లు ఉంటాయి. కింది అరలో మెయిన్, పై అరలో రిజర్వ్. సినిమాల్లో కనిపించే గుండ్రటి గొడుగు కాదు. మా అమ్మ ఇప్పటికీ గొడుగనే అంటుంది కానీ, అది రెక్క. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో గదులు, ముందు వైపు నోళ్లు. ఆ నోళ్లలోంచి గాలి దూరి రెక్కను ఉబ్బిస్తుంది. 1964లో ఈ ఆలోచన చేసిన డొమినా జాల్బర్ట్ గాలిపటాలూ బెలూన్లూ తయారుచేసే మనిషి. సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన ఎవరికైనా ఇది సగం అర్థమైనట్టే.

మెయిన్‌కి గాలి చొరబడని పూత ఉన్న నైలాన్ వాడతారు. దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. ఆ గళ్ల దగ్గర దారం లావుగా ఉంటుంది కాబట్టి చిరుగు పడినా అక్కడితో ఆగుతుంది. మెయిన్‌ని బయటికి లాగేది పైలట్ చూట్ అనే చిన్న గుడ్డ. నడుం కింద, కుడి పక్క జేబులో ఉంటుంది. దాన్ని గాలిలోకి విసిరితే అది మిగతాదాన్ని లాగుతుంది.

నాకు బాగా ఇష్టమైన భాగం స్లైడర్. నాలుగు మూలలా రింగులున్న దీర్ఘచతురస్రం గుడ్డ. రెక్కను మన భుజాల పట్టీలకు కలిపే తాళ్లు, అంటే లైన్లు, అన్నీ ఆ రింగుల్లోంచి పోతాయి. తెరుచుకునేటప్పుడు ఇది పైన ఉండి రెక్కను ఒక్కసారిగా విచ్చుకోనివ్వదు. గాలితో పోట్లాడుతూ మెల్లగా కిందికి జారుతుంది. అది లేకపోతే ఆ వేగం మీద రెక్క ఠప్పున తెరుచుకుని మన ఎముకలు చెప్పుకోలేని స్థితికి వస్తాయి. అర మీటరు గుడ్డ చేసే పని అది.

భుజాల దగ్గర ఒకదానిలో ఒకటి దూర్చిన మూడు రింగులు ఉంటాయి. 1970ల్లో బిల్ బూత్ కనిపెట్టిన ఏర్పాటు. మన బరువంతా పెద్ద రింగు మీద పడుతుంది, ఒక్కో రింగు దాటేసరికి అది తగ్గుతూ చివరికి ఒక సన్నని దారపు ఉచ్చు మీద కొద్దిపాటి లాగుడు మాత్రమే మిగులుతుంది. అందుకే పాడైన మెయిన్‌ని ఒక హ్యాండిల్ లాగి వదిలించుకోవచ్చు.

తెరుచుకోకపోతే?

ఇది అడగని మనిషిని నేను చూడలేదు. మెయిన్ సరిగా రాకపోతే కుడి చేతి వైపున్న హ్యాండిల్ లాగి దాన్ని వదిలేస్తాం, వెంటనే ఎడమ చేతి వైపు హ్యాండిల్ లాగి రిజర్వ్ తీస్తాం. ఈ వరుసను నేల మీద వందల సార్లు చేయిస్తారు. నాకు ఇప్పటికీ ఆటోలో కూర్చుంటే చేతులు వాటంతటవే ఆ చోట్లకు పోతాయి. నేర్చుకునేవాళ్లూ, కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లూ వదలాలా వద్దా అన్నది 2,500 అడుగులకు దిగేలోపే తేల్చుకోవాలి. అంతకన్నా కిందికి వచ్చి ఆలోచిస్తూ కూర్చునేవాళ్లే ప్రమాదంలో పడతారు.

మనిషి స్పృహ తప్పితే? దానికో చిన్న యంత్రం ఉంది, ఏఏడీ అంటారు. సైప్రెస్, విజిల్ అనేవి పేరున్న రకాలు. సుమారు 750 అడుగుల ఎత్తులో ఇంకా పడే వేగంతోనే ఉన్నామని దానికి తెలిస్తే రిజర్వ్ అరను మూసి ఉంచే ఉచ్చును తనే కోసేస్తుంది. టాండెం రిగ్‌లో ఇంకా పైనే పనిచేస్తుంది.

నాకు 112 జంపుల్లో ఒక్కసారీ వదిలేసే అవసరం రాలేదు. రెండుసార్లు లైన్లు మెలిక పడ్డాయి. ఉయ్యాల తాళ్లు మెలిపెట్టి వదిలితే ఎలా తిరుగుతామో అలా తిరిగాను. లైన్లను విడదీసి పట్టుకుని కాళ్లతో తన్నుతూ తిరిగితే విడిపోయాయి. రెండుసార్లూ ప్యాక్ చేసింది నేనే.

ప్యాకింగ్ అంత కష్టమా? మడతపెట్టడమే కదా!

మొదటిసారి నాకు రెండు గంటలు పట్టింది. శిక్షకుడు చూసి, ఏమీ అనకుండా, పిన్ను లాగి మొత్తం నేల మీద పడేశాడు. మళ్లీ చేశాను. ఏడుపొచ్చింది. ఇప్పుడైతే ఇరవై నిమిషాలు. అదే పని చేసేవాళ్లు పది పన్నెండు నిమిషాల్లో కానిచ్చేస్తారు.

ముందు రెక్కను బారుగా పరిచి, సంచి నుంచి గుడ్డ దాకా లైన్లు మెలిక లేకుండా వస్తున్నాయో చూడాలి. రెక్క తోకను కిందికి లాగే బ్రేక్ లైన్లను గుర్తు దాకా లాగి, వాటి చివర చేతితో పట్టుకునే టాగుల్స్‌ని వాటి చోట దోపాలి. పైలట్ చూట్‌ని మళ్లీ పనికొచ్చే స్థితికి లాగిపెట్టాలి, దీన్ని కాకింగ్ అంటారు. ఈ చివరిది మరిచిపోతే అది గాలి పట్టని గుడ్డ పేలికలా వెనకాల ఊగుతుందే తప్ప దేన్నీ బయటికి లాగదు. చూసి వదిలేస్తే చాలదు. సంచి మూసేముందు పైలట్ చూట్ నాడా మీదున్న చిన్న కిటికీలో రంగు కనిపిస్తోందా అని ఇంకోసారి చూడాలి.

తర్వాత లైన్లు భుజం మీద వేసుకుని నిలబడి, వేలాడుతున్న రెక్క ముక్కు వైపు గదుల్ని ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూడదీయాలి. ఆపైన లైన్ల వరుసల మధ్యలో ఇరుక్కున్న గుడ్డను కుడికీ ఎడమకీ లాగుతూ పొరలు పెట్టాలి. లైన్లన్నీ మధ్యలో, గుడ్డంతా బయటివైపు. సెలవుల్లో రిగ్ తెచ్చుకుని బ్రాడీపేట ఇంట్లో హాల్లో ఇది చేస్తుంటే మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఇవి చీర కుచ్చిళ్లే కదే. ఎడమ పక్కవి సమానంగా రాలేదు చూడు" అంది. చూస్తే నిజంగానే ఒక గది రెండో పక్కకి పోయింది. నలభై ఏళ్లుగా పట్టుచీరలు కడుతున్న చెయ్యి మరి.

స్లైడర్‌ని పైదాకా తోసి, నాలుగు రింగులూ వాటి చోటుకు తగిలాయని చూసి, తోక వైపు గుడ్డను చుట్టూ కప్పి చుట్టి, నేల మీద పడుకోబెట్టాలి. ఇక్కడి నుంచి కుస్తీ. కొత్త గుడ్డ తడి సబ్బులా జారుతుంది, లోపల గాలి ఒక పక్క నొక్కితే ఇంకో పక్క ఉబ్బుతుంది. దాని మీద ఒరిగి, మెల్లగా గాలి వెళ్లగొట్టి, ఎస్ ఆకారంలో మడిచి లోపలి సంచిలో దూర్చాలి. లైన్లను రబ్బరు బ్యాండ్లలో వరసగా బిగించాలి. ఇవి వదులుగా ఉంటే లైన్లన్నీ ఒకేసారి జారి, తెరుచుకున్నప్పుడు మెడ పట్టేసేంత కుదుపు వస్తుంది. చివర అడుగున్నర లైను వదిలి, రిగ్ మూతలు వరుసగా మూసి, ఉచ్చులోంచి వంపు పిన్ను గుచ్చితే అయిపోయింది.

మడత అందంగా రావాలని చాలామంది టెన్షన్ పడతారు. నేనూ పడేదాన్ని. నిజానికి ఆ గుడ్డకు తెరుచుకోవడమే వచ్చు. మడత కాస్త అటూ ఇటూ అయినా తెరుచుకుంటుంది. లైన్లు తిన్నగా ఉండటం, బ్రేకులు దోపడం, స్లైడర్ పైన ఉండటం, పైలట్ చూట్ కాక్ చేయడం, వీటిలో దేన్ని మరిచినా క్షమించదు. ప్యాక్ చేస్తుండగా ఎవరైనా కబుర్లకు వస్తే నేను లేచి, కబుర్లు అయ్యాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. సగంలో ఎక్కడ ఆపానో గుర్తుందనుకోవడం అంత నమ్మదగిన పని కాదు.

రిజర్వ్ కూడా మనమే మడవాలా?

ముట్టుకోకూడదు. దానికి లైసెన్సున్న రిగ్గర్ ఉంటాడు. మడిచాక ఎర్ర దారం చుట్టి సీసం ముద్ర వేస్తాడు, కార్డు మీద తేదీ రాసి సంతకం పెడతాడు. అమెరికాలో వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి, చూసి, మళ్లీ మడవాలి. 2008 చివరి దాకా ఈ గడువు 120 రోజులుండేది.

రిగ్‌ని ఇంట్లో ఎలా దాచాలి? మన ఎండకి పాడవదా?

ఎండలో పెడితే పాడవుతుంది. నైలాన్‌కి సూర్యుడంటే పడదు, అందుకే ప్యాకింగ్ కూడా నీడలోనే చేస్తారు. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే రబ్బరు బ్యాండ్లు జిగటగా అయిపోతాయి. ఉతకకూడదు, వాషింగ్ మెషిన్ మాట తలుచుకోవద్దు, గుడ్డ మీది పూత పోతుంది.

మన ఇళ్లలో దీనికి అసలు శత్రువు ఇంకొకటి ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీ. హాల్లో మూల, మెట్ల కింద, స్టోర్ రూమ్‌లో, సరిగ్గా మనం రిగ్ పెడదామనుకునే చోటే అది ఉంటుంది. నైలాన్‌ని యాసిడ్ తినేస్తుంది, తిన్నట్టు పైకి కనపడదు కూడా. నా రిగ్ పడకగది బీరువాలో పట్టుచీరల పక్కన ఉంటుంది. నాఫ్తలీన్ ఉండలు వేయను, ఎలుకలు రాని చోటు చూసుకున్నాను.

సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా?

కొనొచ్చు, నాదీ అదే. కొత్తది అన్నీ కలిపి ఏడెనిమిది వేల డాలర్లకు తగ్గదు. కానీ డబ్బు ఇచ్చే ముందు రిగ్గర్‌కి చూపించాలి. లైన్లు అరిగాయా, ఏఏడీకి ఇంకెన్నేళ్ల ఆయుష్షుంది, పట్టీలు మన ఒంటికి సరిపోతాయా అన్నవి ఆయనే చెప్పగలడు. రెక్క సైజు దగ్గర మాత్రం ఆశపడొద్దు. మన బరువు, రిగ్ బరువు కలిపి పౌండ్లలో తీసుకుని రెక్క చదరపు అడుగులతో భాగిస్తే, నేర్చుకునేవాళ్లకి ఒకటికి మించకూడదు. చిన్న రెక్క చూడ్డానికి బావుంటుంది, దిగేటప్పుడు ఉరుకుతుంది.

విమానంలో తీసుకెళ్తే సెక్యూరిటీ వాళ్లు ఆపరా?

ఆపుతారు. ఎక్స్‌రేలో ఏఏడీ, దాని వైర్లు చూసి అనుమానపడటం వాళ్ల పని. తయారీదారు ఇచ్చే కార్డు చూపించి, గంట ముందే వెళ్లి, ఓపిగ్గా చెప్పాలి. ఒకసారి ఒక ఆఫీసరు గారు హ్యాండిల్ పట్టుకుని "ఇదేంటమ్మా" అన్నారు. "సార్, అది లాగితే మీ టేబుల్ మొత్తం గుడ్డే" అన్నాను. నవ్వి వదిలేశారు.

దిగేటప్పుడు కాళ్లు విరుగుతాయా?

నాకు విరిగింది కాబట్టి ఈ జవాబు పెద్దదే.

కింద నుంచి చూస్తే తేలుతూ వస్తున్నట్టుంటుంది కానీ రెక్క ముందుకు గంటకు ముప్పై నలభై కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అందుకే ఎదురుగాలికి దిగాలి. ఇరవై కిలోమీటర్ల గాలి ఎదురొస్తే నేల మీద మన వేగం సగానికి పడిపోతుంది. దీనికో దారి గీసుకుంటాం. వెయ్యి అడుగుల ఎత్తులో గాలివాలున మైదానం పక్కగా పోతాం, ఆరు వందల దగ్గర అడ్డంగా తిరుగుతాం, మూడు వందల దగ్గర గాలికి ఎదురు తిరిగి తిన్నగా వస్తాం. అక్కడి నుంచి ఇక మలుపుల్లేవు.

నేలకు పది పన్నెండు అడుగులుండగా రెండు టాగుల్స్‌నీ సమానంగా కిందికి లాగాలి. దీన్ని ఫ్లేర్ అంటారు. తోక కిందికి వంగి, రెక్క లేచి, వేగం చచ్చి, అడుగు పెట్టినట్టు దిగుతాం. ముందే లాగితే గాలిలో ఆగి దబ్బున పడతాం, ఆలస్యమైతే పరుగెత్తాలి. ముందే లాగేశామని తెలిస్తే చేతులు ఒక్కసారిగా పైకి వదిలేయకూడదు, ఉన్నచోటే పట్టుకుని దిగడమే. కళ్లు కాళ్ల కిందికి కాదు, దూరంగా ముందుకు ఉండాలి. కిందికి చూస్తే నేల మీదికి దూసుకొచ్చినట్టు అనిపించి అందరూ తొందరపడి లాగేస్తారు.

నా 37వ జంపు. సాయంత్రం, గాలి దాదాపు లేదు. ఆఖరి దారి కాస్త పొడుగైంది, ఎదురుగా ముళ్లకంచె కనిపించింది. కంచెనే చూస్తూ ఉండిపోయాను. మనం దేన్ని చూస్తే రెక్క అటే పోతుందని వంద సార్లు విన్నదాన్ని. నలభై అడుగుల ఎత్తులో కుడి టాగుల్ గట్టిగా లాగాను. తక్కువ ఎత్తులో గట్టిగా తిరిగితే రెక్క మనల్ని లోలకంలా బయటికి విసిరి, తను నేలకేసి మూతి పెడుతుంది. కుడి చీలమండ రెండు చోట్ల విరిగింది. ఆరు వారాలు కట్టు. అమ్మకి మెట్ల మీద జారానని చెప్పాను, రెండో రోజే పిన్ని కూతురు ఫోటో పెట్టడంతో దొరికిపోయాను. తర్వాత ఆ మైదానానికి వెళ్లి అడుగులు లెక్కపెట్టాను. అలాగే తిన్నగా వచ్చి ఉంటే కంచెకు ఇరవై అడుగుల ఇవతలే ఆగేదాన్ని. తిరగక తప్పకపోతే బ్రేకులు సగం లాగి, రెక్క వంగకుండా మెల్లగా తిప్పే పద్ధతి ఉంది. అది నాకు తెలుసు కూడా. తెలిసినది ఆ మూడు సెకన్లలో చేతికి రాలేదు, అంతే. ఈ ఆటలో పెద్ద ప్రమాదాల్లో ఎన్నో తెరుచుకోని పారాచూట్ల వల్ల కాదు, చక్కగా తెరుచుకున్న పారాచూట్ కింద ఇలాంటి ఆఖరి మలుపుల వల్ల జరుగుతాయి.

కాబట్టి దిగడం తేడా కొడుతుందనిపిస్తే నిలబడాలని చూడొద్దు. పాదాలూ మోకాళ్లూ జతగా బిగించి, అరికాళ్లు, పిక్క పక్క, తొడ పక్క, పిరుదు, వీపు పక్క ఈ వరుసలో దొర్లాలి. సైనికుల పద్ధతి. చాప పరిచి, ముక్కాలిపీట మీంచి ఇంట్లోనే సాధన చేయొచ్చు. పిల్లలు చేరి మనకంటే బాగా చేస్తారు.

నీళ్లలోనో, కరెంటు తీగల మీదో, పొలంలోనో పడితే?

తీగలకన్నా దేని మీద పడ్డా మేలే. దూరం నుంచి తీగల్ని చూడలేం, స్తంభాల్ని వెతకాలి. రెండు స్తంభాల మధ్య తీగ ఉందనే అనుకోవాలి. ఎవరైనా చిక్కుకుంటే కరెంటు ఆపారని ఖాయమయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. నీళ్లయితే ఛాతీ పట్టీ ముందే వదులు చేసుకుని, కాళ్లు తడిశాకే రెక్కను వదిలించుకోవాలి. పై నుంచి నీటి ఎత్తు అంచనాకు దొరకదు, యాభై అడుగుల్ని ఐదనుకుంటారు. లైన్లలోకి ఈదకూడదు, దూరంగా ఈదాలి.

పొలంలో పడితే సాళ్ల వెంబడి దిగాలి, అడ్డంగా కాదు. రెక్కను ఈడ్చకుండా చేతుల్లోకి చుట్టుకుని గట్టు మీదికి నడవాలి. నేను టెక్సాస్‌లో పత్తి చేలో పడ్డప్పుడు రైతు వచ్చేదాకా కూర్చుని క్షమాపణ చెప్పాను. మన మిర్చి తోటలో పడితే క్షమాపణతో సరిపోదు.

మన ఎండలో దూకితే తేడా ఉంటుందా?

ఉంటుంది. వేడిగాలి పలచన, అందుకని రెక్క ఇంకాస్త వేగంగా దిగుతుంది. పైగా మధ్యాహ్నం ఎండిన నల్లరేగడి చేల మీద లేచే సుడిగాలులు తెరిచిన రెక్కను కూడా నలిపేస్తాయి. పొద్దున్నే దూకడం మంచిది. నేర్చుకునేవాళ్లకి గాలి గంటకు 22 కిలోమీటర్లు దాటితే అమెరికాలో ఎక్కనివ్వరు.

సరే, ఎంత ప్రమాదం? ఒక అంకె చెప్పండి.

2023లో అమెరికాలో సుమారు 36.5 లక్షల జంపులు జరిగితే పది మంది చనిపోయారు. మన బెంజి సర్కిల్ ట్రాఫిక్‌తో పోల్చి "ఇది భద్రమే" అనే మాట నేను అనను. ప్రమాదం ఉంది, అది ఎక్కడుందో తెలుసు, చాలావరకు మన చేతుల్లో ఉంది.

ఆడపిల్లలు కూడా చేస్తారా?

1979లో మన దేశపు స్కైడైవర్ రేచల్ థామస్ దూకారు. 2002లో ఉత్తర ధ్రువం మీద కూడా దూకారు, 2005లో పద్మశ్రీ వచ్చింది. శీతల్ మహాజన్ 2004లో అదే ధ్రువం మీద దూకారు. ఇంకా ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాదు.

లైసెన్సు ఎలా వస్తుంది? ఎన్.సి.సి.లో ఉంటే లాభమా?

అమెరికా పద్ధతిలో 25 జంపులకు ఏ, 50కి బి, 200కి సి, 500కి డి. జంపులతో పాటు పరీక్షలూ ఉంటాయి. మొదట్లో ఇద్దరు శిక్షకులు పక్కన పట్టుకుని దూకుతారు, ఏడెనిమిది మెట్లలో ఒంటరిగా వదులుతారు. రెక్కల సూటు వేసుకోవాలనే కుర్రాళ్లకి ఒక మాట, దానికి 200 జంపులు కావాలి.

ఎన్.సి.సి. ఆర్మీ వింగ్‌లో ఉంటే ఆగ్రాలో పారా కోర్సుకి ఎంపికయ్యే అవకాశం ఉంది. పైసా ఖర్చు లేకుండా వాయుసేన శిక్షకుల దగ్గర నేర్చుకోవడం మామూలు అదృష్టం కాదు. గుంటూరు కాలేజీల్లో ఎన్.సి.సి.ని గ్రేస్ మార్కుల కోసం చేసేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

మీ రిగ్ చూడటానికి, ప్యాకింగ్ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంటికి రావచ్చా?

ఆదివారం పొద్దున ఏడు లోపు రండి. వేళ్ల గోళ్లు కత్తిరించుకుని రండి. హాల్లో చాపలు పరిచి ఉంటాయి, చెప్పులు బయట. రిజర్వ్ హ్యాండిల్ ముట్టుకోనివ్వను. రెక్క పరిచాక ఫ్యాన్ వేస్తే గుడ్డంతా లేచిపోతుంది కాబట్టి ఫ్యాన్ ఆపేస్తాను. తువ్వాలు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.